చైన్‌సా చైన్‌కు పదును: చేతి ఆకురాయి, దుకాణం గ్రైండర్

వరంగల్, హన్మకొండ చుట్టుపక్కల చైన్‌సా (గొలుసు రంపం) ఇప్పుడు టింబర్ డిపోలకే పరిమితమైన యంత్రం కాదు. మామిడి తోటల్లో ఎండు కొమ్మలు తీయడానికి, జామాయిల్, సుబాబుల్ కోతలకు, గాలివానకు గట్టు మీద కూలిన వేపనో తుమ్మనో తొలగించడానికి చాలా ఊళ్లలో దీన్ని వాడుతున్నారు. యంత్రం కొనేటప్పుడు ఇంజిన్ ఎన్ని సీసీలు, బార్ (చైన్ తిరిగే పొడవాటి పలక) ఎన్ని అంగుళాలు అని అడిగేవారే గాని, చైన్ మొద్దుబారితే పదును దేనితో పెట్టాలి, ఎవరు పెట్టాలి అని అడిగేవారు తక్కువ. కోత వేగం, పెట్రోలు ఖర్చు, భుజాల నొప్పి, చివరికి మనిషి భద్రత కూడా ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటాయి. అందుకే చేతి ఆకురాయి సెట్టును, హన్మకొండలోని ఒక మరమ్మతు దుకాణంలో బల్లకు బిగించిన గ్రైండర్ మీద చేసే సాన పనిని పక్కపక్కన పెట్టి ఈ సమీక్ష రాస్తున్నాను. నా నిర్ణయం ముందే చెబుతాను: రోజువారీ పదునుకు ఆకురాయిని మించినది లేదు; గ్రైండర్ అవసరమే గాని అది దెబ్బతిన్న చైన్‌కు వైద్యం వంటిది, దానికి కూడా పక్కన నిలబడి చూసుకోగలిగితేనే చైన్ ఇవ్వాలి.

నేను వాడేవి రెండు రకాల చైన్లు. చిన్న యంత్రానిది 3/8 అంగుళాల 'లో ప్రొఫైల్' (తక్కువ ఎత్తు) చైన్, పెద్ద యంత్రానిది 0.325 అంగుళాల చైన్. ఆకురాయి కొనేవారు మొదట తెలుసుకోవలసింది ఈ పిచ్ (చైన్ లింకుల మధ్య దూరపు కొలత) సంగతే, ఎందుకంటే పిచ్‌ను బట్టి ఆకురాయి వ్యాసం మారుతుంది. 3/8 లో ప్రొఫైల్‌కు 4.0 మిల్లీమీటర్లు, 0.325కు 4.8 మిల్లీమీటర్లు, పూర్తి సైజు 3/8కు కంపెనీని బట్టి 5.2 లేదా 5.5 మిల్లీమీటర్లు, 0.404కు 5.5 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి కావాలి. హార్డ్‌వేర్ దుకాణాల్లో "చైన్‌సా ఫైల్ ఇవ్వండి" అని మాత్రమే అడిగితే చేతికి అందినది ఇచ్చేస్తారు. చైన్ మీదనే గుర్తు ఉంటుంది: స్టిల్ కంపెనీ చైన్లలో పంటి ముందున్న గుబ్బ మీద 6 అనో పీ అనో ఉంటే అది 3/8 లో ప్రొఫైల్, 2 అనో 325 అనో ఉంటే 0.325. ఓరెగాన్ కంపెనీ చైన్లలో బార్ గాడిలో నడిచే లింకు మీద 91 అని ఉంటే అది 1.3 మిల్లీమీటర్ల గేజ్ (ఆ లింకు మందం) గల 3/8 లో ప్రొఫైల్. ఆ అంకె చూసుకుని, వీలైతే పాత చైన్ ముక్కను జేబులో వేసుకుని దుకాణానికి వెళ్లడం మంచిది.

రెండు పద్ధతులను పోల్చాలంటే చైన్ ఎలా కోస్తుందో కొంత వివరంగా చెప్పుకోవాలి. చైన్‌లో ఒక పన్ను ఎడమవైపుకు, మరొకటి కుడివైపుకు వంగి ఉంటాయి. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో చెట్లు కొట్టే పని చేసిన జోసెఫ్ కాక్స్, మొద్దును అటూ ఇటూ తొలుస్తున్న పురుగు లార్వా దవడలను గమనించి ఈ ఆకారాన్ని రూపొందించి, 1947లో చైన్ల తయారీ మొదలుపెట్టాడు; నేడు మనం వాడే చైన్లన్నీ ఆ వంశానివే. ప్రతి పంటికీ రెండు భాగాలు ఉంటాయి. వెనుక భాగంలో కోసే అంచు ఉంటుంది, దాని వెలుపలి ముఖానికి పలుచని క్రోమియం పూత ఉంటుంది. ఆ పూతే అంచును చాలాసేపు పదునుగా నిలబెడుతుంది. ముందు భాగంలో ఒక చిన్న గుబ్బ ఉంటుంది, దాన్ని డెప్త్ గేజ్ అంటారు. వడ్రంగి రందాలో బ్లేడు ఎంత బయటికి ఉంటే అంత మందం చెక్క లేచినట్టే, పంటి అంచు కంటే ఈ గుబ్బ ఎంత దిగువన ఉంటే ఆ పన్ను చెక్కలోకి అంత లోతు దిగుతుంది. చిన్న, మధ్య తరహా చైన్లలో చాలా వాటికి ఆ తేడా 0.65 మిల్లీమీటర్లు ఉండాలి. పన్ను పైభాగం వెనక్కి పోయేకొద్దీ వాలుగా దిగుతుంది గనుక, పదును పెట్టిన ప్రతిసారీ పంటి ఎత్తు కొద్దికొద్దిగా తగ్గి, గుబ్బకూ అంచుకూ మధ్య తేడా కుంచించుకుపోతుంది. గుబ్బను కూడా ఆ మేరకు అరగదీయకపోతే అంచు ఎంత పదునుగా ఉన్నా కోత సాగదు. మన ప్రాంతంలో చైన్ల మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలా భాగం ఇక్కడే పుడుతుందని నా అభిప్రాయం.

ఇక మన దగ్గర చైన్ ఎందుకు త్వరగా మొద్దుబారుతుందంటే, చెక్క గట్టిదనం కన్నా మట్టి ప్రభావమే ఎక్కువ. ఎండిన నల్లతుమ్మ, చింత గట్టివే, కాని శుభ్రమైన కాండాన్ని కోసినంతసేపు పన్ను ఓపికగానే పనిచేస్తుంది. మామిడి, వేప కాండాలకు పట్టిన చెదల మట్టి, ట్రాక్టరుతో ఈడ్చిన జామాయిల్ దుంగల బెరడులో ఇరుక్కున్న ఇసుక, గట్టు చెట్లకు ఎప్పుడో కొట్టిన కంచె మేకులు, ఇవి క్షణాల్లో అంచును తినేస్తాయి. దుంగ కింది భాగం తెగిన మరుక్షణం తిరుగుతున్న చైన్ కొన నేలను తాకిందంటే ఇక చెప్పనక్కర్లేదు. లక్షణాలు గుర్తుపట్టడం సులువే. పదునున్న చైన్ పెచ్చులు పెచ్చులుగా చెక్కను విసురుతుంది; మొద్దుబారినది పిండిలాంటి పొట్టు రాలుస్తుంది, కోత దగ్గర పొగ వాసన వస్తుంది, యంత్రాన్ని చేతులతో అదమవలసి వస్తుంది. కోత ఒక పక్కకు లాగుతుంటే రెండో పక్క పళ్లు పొట్టివైనట్టు, లేదా వాటి పదును పోయినట్టు అర్థం చేసుకోవాలి.

ఆకురాయి సంగతికి వస్తే, నేను వాడి చూసినవి మూడు రకాలు: పిడి మాత్రమే ఉన్న ఒట్టి ఆకురాయి, పంటి కోణం చూపే 30 డిగ్రీల గీతలు గీసిన రేకు గైడ్ ఉన్నది, గుండ్రటి ఆకురాళ్లు రెండూ చదును ఆకురాయి ఒకటీ ఒకే చట్రంలో అమర్చిన టూ ఇన్ వన్ గైడ్. ఒట్టి ఆకురాయితో చక్కగా పదును పెట్టేవారు నర్సంపేట, ములుగు వైపు కోత మేస్త్రీల్లో ఉన్నారు, కాని అది ఏళ్ల అలవాటుతో వచ్చే చేతివాటం. కొత్తగా నేర్చుకునేవారి చేతిలో అది కోణం తప్పుతుంది. రేకు గైడ్ చవకైనది, నమ్మదగినది. ఆకురాయి వ్యాసంలో అయిదో వంతు మాత్రమే పంటి పైఅంచుకు మీదుగా ఉండేలా అదే నిలబెడుతుంది. ఈ ఎత్తు ముఖ్యం: ఆకురాయి మరీ కిందికి దిగితే అంచు కొక్కెంలా సన్నబడి త్వరగా విరుగుతుంది, మరీ పైకి ఉంటే అంచు వెనక్కి వాలి చెక్క మీద జారుతుంది.

టూ ఇన్ వన్ గైడ్ ధర ఒట్టి ఆకురాయి ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది. అయినా ఇంటి అవసరానికి యంత్రం వాడే రైతు ఒక్క సాధనమే కొనగలిగితే అదే కొనమంటాను. పన్నును రాసిన ప్రతిసారీ లోపలి చదును ఆకురాయి గుబ్బను కూడా తగినంత మేరకు రాస్తుంది, కాబట్టి అందరూ మరచిపోయే పని దానంతట అదే జరిగిపోతుంది. దానికి ఉన్న లోపం కూడా చెప్పాలి. గుబ్బ లోతును అది కంపెనీ నిర్ణయించిన కొలతకే తెస్తుంది. చెక్క రకాన్ని బట్టి మన ఇష్టప్రకారం మార్చుకునే వీలు లేదు. ఒక్కో చైన్ పిచ్‌కు ఒక్కో గైడ్ కావాలి గనుక రెండు యంత్రాలున్నవారికి ఖర్చు రెట్టింపవుతుంది. లోపలి ఆకురాళ్లు అరిగినప్పుడు సరైన కొలతవి మన ఊళ్లలో వెంటనే దొరకవు. గైడ్ కొన్నరోజే విడి ఆకురాళ్లు కూడా తెచ్చి పెట్టుకోవడం తెలివైన పని.

పద్ధతి కష్టమైనది కాదు, క్రమం తప్పకూడదు. ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి, చైన్ బ్రేక్ వేసి, బార్‌ను వైస్‌లోనో, దుంగకు దిగగొట్టే చిన్న బిగింపులోనో కదలకుండా పట్టించాలి. చేతులకు తొడుగులు ఉండాలి. అన్ని పళ్లలోకీ పొట్టిదాన్ని వెతికి, దానికి మార్కర్‌తో గుర్తు పెట్టి, అక్కడి నుంచి మొదలుపెట్టి మిగతా పళ్లను దాని పొడవుకు తేవాలి. ఆకురాయిని పంటి లోపలివైపు నుంచి వెలుపలికి మాత్రమే నెట్టాలి; వెనక్కి తెచ్చేటప్పుడు పంటికి తగలకుండా ఎత్తాలి, లేకపోతే క్రోమియం పూత మీద రాసుకుని ఆకురాయి పళ్లే మొద్దుబారతాయి. మామూలుగా మొద్దుబారిన చైన్‌కు పంటికి రెండు మూడు రాపిళ్లు చాలు. ఒక వైపు పళ్లన్నీ అయ్యాక మరో వైపు నిలబడి రెండో వరుస చేయాలి. ఆకురాయికి నూనె పూయకూడదు, మధ్యమధ్యలో కొద్దిగా తిప్పుతూ, దులుపుతూ ఉండాలి. ట్యాంకులో పెట్రోలు నింపే ప్రతిసారీ ఇలా చేస్తే పళ్లు ఎన్నడూ పూర్తిగా మొద్దుబారవు, తీసివేసే లోహం కూడా అతి స్వల్పం. ఆకురాయి గొప్పతనమంతా నాకు కనిపించేది ఈ స్వల్పంలోనే. చైన్ ఆయుష్షు పంటి పొడవులో ఉంటుంది, ఆ పొడవును పొదుపుగా ఖర్చుపెట్టే పనిముట్టు ఇదొక్కటే.

గుబ్బల విషయంలో ఒక హెచ్చరిక తప్పనిసరి. గుబ్బను ఎక్కువగా అరగదీస్తే చైన్ చురుగ్గా కోస్తున్నట్టు అనిపిస్తుంది, అందుకని కొందరు మేస్త్రీలు కావాలనే దాన్ని దించుతారు. అలాంటి చైన్ చెక్కను పట్టి లాగుతుంది, ఇంజిన్ మీద, క్లచ్ మీద భారం వేస్తుంది, బార్ కొన దేనికైనా తగిలితే యంత్రం ముఖం మీదికి ఎగిరే ప్రమాదాన్ని బాగా పెంచుతుంది. గుబ్బ కొలిచే రేకు చాలా చవక, దాన్ని పంటి మీద పెట్టి, పైకి కనిపించిన మేరకే చదును ఆకురాయితో రాసి, గుబ్బ ముందు అంచును మళ్లీ గుండ్రంగా సవరించాలి. మూడు నాలుగు పదునులకు ఒకసారి ఈ కొలత చూసుకుంటే సరిపోతుంది.

గ్రైండర్ వైపు చూద్దాం. బల్లకు బిగించిన గ్రైండర్‌లో చైన్‌ను చిన్న బిగింపులో పెట్టి, కోణం ఒకసారి సరిచేసి, పన్ను తర్వాత పన్నుగా తిరిగే రాయిని దించుతారు. చైన్ మేకుకు తగిలి అయిదారు పళ్ల మూలలు ఎగిరిపోయినప్పుడు, లేదా ఎవరెవరో చేతులు వేసి కుడి ఎడమ పళ్లు వేర్వేరు పొడవులకు వచ్చినప్పుడు, అన్ని పళ్లనూ ఒకే కొలతకు, ఒకే కోణానికి తేవడంలో దీనికి సాటి లేదు. అదే పని ఆకురాయితో చేయబోతే ఒక పూటంతా పడుతుంది, చేయి అలిసి కోణం చెడుతుంది. పళ్ల మూలల్లో క్రోమియం పూత చెడినచోటు దాటి శుభ్రమైన లోహం దాకా వెళ్లాలి గనుక అక్కడ లోహాన్ని ఎక్కువగా తీయక తప్పదు, ఆ పనిని గ్రైండర్‌కు అప్పగించడమే న్యాయం.

హన్మకొండ దుకాణంలో నాకు నచ్చినవీ నచ్చనివీ ఉన్నాయి. అక్కడ కోణం ఎప్పుడూ తప్పలేదు, కుడి ఎడమ పళ్లు సమానంగా వచ్చాయి, దెబ్బతిన్న చైన్ మళ్లీ తిన్నగా కోసింది. ఈ మేరకు వారి సేవ మెచ్చుకోదగినదే. అయితే రద్దీ రోజున తెచ్చిన చైన్‌లో కొన్ని పళ్ల కొనలు నీలం రంగుకు తిరిగి కనిపించాయి. రాయిని ఒకే ఒత్తిడితో చాలాసేపు అదిమితే పంటి కొన వేడెక్కి, ఉక్కు దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ నీలి రంగు తీసుకుంటుంది. అక్కడి ఉక్కు మెత్తబడితే అంచు ఒకటి రెండు దుంగలకే వంగుతుంది. ఇంకా ఎక్కువ వేడెక్కి చుట్టూ ఉన్న చల్లని లోహం వల్ల గబుక్కున చల్లారితే గాజులా గట్టిపడి, తర్వాత ఆకురాయి పెడితే కోయక జారిపోతుంది. మా ప్రాంతపు పాత కోత మేస్త్రీ ఒకరు ఆ చైన్‌ను చేతిలోకి తీసుకుని, "నీలం రంగుకొచ్చినంక పన్ను సచ్చినట్టే సార్, అంతదాకా రాకి పారేసుడే" అన్నారు. ఆయన మాట అక్షరాలా నిజం: ఆ రంగు పోయేదాకా లోహం తీసేయడం తప్ప దారి లేదు, అంటే చైన్ ఆయుష్షులో ఒక ముక్క అనవసరంగా పోయినట్టే.

ఇది యంత్రం లోపం కాదు, తొందర లోపం. రాయిని తాకించి తీసి, తాకించి తీసి, తేలికగా దించితే పన్ను వేడెక్కదు. రాయి ముఖం నల్లగా నునుపుగా మారితే దాన్ని దిద్దే రాయితో రాసి కొత్త ముఖం తీయాలి. నునుపుబడిన రాయి కోయకుండా రాసుకుంటూ వేడినే పుట్టిస్తుంది. రాయి మందం కూడా చైన్‌కు తగినదై ఉండాలి. 3/8 లో ప్రొఫైల్‌కు 3.2 మిల్లీమీటర్ల రాయి, పూర్తి సైజు చైన్లకు 4.7 మిల్లీమీటర్ల రాయి, గుబ్బలకు సుమారు 6 మిల్లీమీటర్ల రాయి వాడతారు. చాలా దుకాణాల్లో ఒకే రాయిని అన్ని చైన్లకూ నడిపిస్తున్నారు. మందపు రాయి చిన్న చైన్ పంటి గొంతులో సరిగా దిగదు, అంచు కింద ఉండవలసిన గుండ్రటి వంపు రాదు, అందువల్ల కొత్తగా సాన పట్టిన చైన్ కూడా పొట్టే రాలుస్తుంది. ఇక గుబ్బల సంగతి అడిగితే నేను వెళ్లిన చోట్ల తరచుగా వినిపించిన సమాధానం, "అవి ముట్టుకోం సార్, పళ్లకే సాన పడతం" అని. పంటిని ఎక్కువగా అరగదీసి గుబ్బను అలాగే వదిలేస్తే, డబ్బులిచ్చి తెచ్చుకున్న చైన్ వెళ్లేటప్పటికన్నా వచ్చేటప్పుడు నెమ్మదిగా కోయడంలో ఆశ్చర్యం లేదు.

సాన పట్టించే రుసుము పెద్దది కాదు, అసలు ఖర్చు పంటి లోహంలోనూ పోయే సమయంలోనూ ఉంది. ములుగు నుంచి హన్మకొండకు దాదాపు 50 కిలోమీటర్లు. ఏటూరునాగారం వైపు పనిచేసేవారికి దూరం ఇంకా ఎక్కువ. చైన్ దుకాణంలో ఉన్నంతసేపూ కూలీలు ఖాళీగా కూర్చోవాలి, లేదా రెండు మూడు చైన్లు మార్చి మార్చి వాడాలి. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం అడవుల్లో ఒక్కసారిగా వచ్చిన గాలివానకు వేలాది చెట్లు నేలకూలాయి. వేళ్లతో సహా పెకలించిన అలాంటి మాను దగ్గర మట్టి లేని కోత ఉండదు, కరెంటు ఉండదు, దుకాణం అసలే ఉండదు. జేబులో ఆకురాయి, గైడ్ ఉన్నవాడికి మాత్రమే ఆ చోట పని సాగుతుంది.

ఆన్‌లైన్‌లో అమ్మే, చేతిలో పట్టుకుని తిప్పే చిన్న కరెంటు పదును యంత్రాల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. వాటి చిన్న రాళ్లు త్వరగా అరిగి వ్యాసం తగ్గిపోతాయి, వ్యాసం తగ్గగానే పంటి వంపు మారుతుంది, కోణం చూసుకోవలసిన బాధ్యత మళ్లీ చేతి మీదే పడుతుంది. ఆకురాయి నేర్చుకునే ఓపిక లేదని వాటిని కొనేవారికి అక్కడ కూడా అదే ఓపిక అవసరమవుతుంది. చవకరకం బల్ల గ్రైండర్లు కొన్ని వేల రూపాయలకు దొరుకుతున్నాయి గాని వాటి బిగింపులో చైన్ కదులుతుంది, దాంతో ఎడమ పళ్లకూ కుడి పళ్లకూ కోణం ఒకేలా రాదు. కోత కాంట్రాక్టులు తీసుకుని పదుల సంఖ్యలో చైన్లు నడిపేవారికి మంచి గ్రైండర్ సొంతంగా ఉండటం సమంజసమే. ఒకటి రెండు యంత్రాలున్న రైతుకు మాత్రం ఆ డబ్బును విడి చైన్ల మీద పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. దుంగలను పలకలుగా కోసేవారు వాడే నిలువు కోత చైన్‌కు పంటి కోణం 30 కాదు, 10 డిగ్రీలు. దాన్ని దుకాణంలో ఇచ్చేటప్పుడు ఈ సంగతి చెప్పకపోతే మామూలు కోణానికి అరగదీసి ఇస్తారు, తిరిగి ఆ కోణానికి తేవడానికి చాలా లోహం పోతుంది.

నేను ఇప్పుడు పాటిస్తున్న పద్ధతి ఇది. పని జరిగే రోజు ట్యాంకు నింపినప్పుడల్లా టూ ఇన్ వన్ గైడ్‌తో రెండు రాపిళ్లు. మేకు, రాయి, కంచె తీగ తగిలి మూలలు పోయిన చైన్ మాత్రమే గ్రైండర్‌కు. దుకాణంలో ఇచ్చేటప్పుడు నాలుగు విషయాలు చెప్పి, అక్కడే నిలబడి చూస్తాను: 3/8 లో ప్రొఫైల్ అయితే సన్న రాయి వేయాలి, మొదటి పన్ను దింపేముందు రాయి ముఖం దిద్దాలి, బాగా దెబ్బతిన్న పన్నుకు సరిపడా లోతు పెట్టుకుని అన్ని పళ్లనూ తేలికగా రెండు మూడు దఫాలుగా తీయాలి, చివరగా గుబ్బలను 0.65 మిల్లీమీటర్ల కొలతకు తేవాలి. ఈ మాటలకు విసుక్కోకుండా చేసిచ్చే మనిషి దొరికితే ఆ దుకాణాన్ని వదులుకోకూడదు. ఇంటికి తెచ్చాక పంటి లోపలి అంచుకు మిగిలిన సన్నని ముళ్లు పోయేలా ఆకురాయితో ఒక్కసారి రాసి, చైన్‌ను కిరోసిన్‌లో కడిగి, రాతి పొడి పూర్తిగా వదిలాక చైన్ ఆయిల్‌లో కాసేపు నానబెట్టి అప్పుడు బార్ మీదికి ఎక్కించాలి. ఆ పొడి చైన్ కీళ్లలో ఉండిపోతే బార్ గాడి, స్ప్రాకెట్ (చైన్‌ను తిప్పే పళ్ల చక్రం) త్వరగా అరుగుతాయి. చాలా కంపెనీల చైన్లలో పంటి పైభాగాన వెనుకవైపు ఒక సన్నని గీత ఉంటుంది; పదును పెడుతూ పెడుతూ పన్ను ఆ గీత దాకా వచ్చిందంటే, లేదా ఏ లింకులోనైనా పగులు కనిపించిందంటే, ఆకురాయి, గ్రైండర్ రెండూ పక్కన పెట్టి కొత్త చైన్ వేయాలి.